టీఎస్‌హెచ్ పెరిగితే ముందు చూడాల్సింది మాత్ర వేసుకునే తీరు

ప్రశ్న: నా వయసు 46, బరువు 62 కిలోలు. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆరేళ్ళ నుంచి థైరాయిడ్‌కి 75 మాత్ర వాడుతున్నాను. కిందటేడు టీఎస్‌హెచ్ 2.8 ఉంది. ఈసారి పొద్దున్న ఏడింటికి రక్తం ఇస్తే టీ3 108, టీ4 6.9 నార్మల్ అనీ, టీఎస్‌హెచ్ 9.4 అనీ వచ్చింది. నమ్మకం కుదరక పది రోజులకి భీమవరంలో ఇంకో ల్యాబులో చేయించాను. అక్కడికి వెళ్ళేసరికి మధ్యాహ్నం పన్నెండయింది, ఆ రోజు మాత్ర వేసుకునే వెళ్ళాను. టీఎస్‌హెచ్ 7.1, ఫ్రీ టీ4 0.98 అన్నారు. పది రోజుల్లో టీ4 6.9 నుంచి 0.98కి పడిపోయిందా? డాక్టరు గారు మాత్ర 100 చేశారు, పన్నెండు రోజుల నుంచి అదే వేసుకుంటున్నాను. ఇంకో మూడు రోజులాగి మళ్ళీ టెస్టు చేయించుకుందామని ఉంది. మా వదిన గారు మాత్రం "టీ4 నార్మలే కదా, ఒకసారి పెంచితే జన్మంతా పెంచుకుంటూ పోవాలి, అది మానేసి చేపలు బాగా తిను" అంటున్నారు. నీరసంగా ఉంటోంది, నెలసరి ఎక్కువగా అవుతోంది. హిమోగ్లోబిన్ 9.2 ఉందని వేరే డాక్టరమ్మ గారు రాసిన ఐరన్, కాల్షియం నాలుగు నెలలుగా వేసుకుంటున్నాను. మర్చిపోతానని అన్నీ పొద్దున్నే కాఫీతో ఒకేసారి వేసేసుకుంటాను.

ఇంకో సంగతి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి (26) కూడా 50 మాత్ర వాడుతోంది. దానికి టీఎస్‌హెచ్ 0.06, ఫ్రీ టీ4 2.3 వచ్చాయి. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదంటోంది. జుట్టుకని బయోటిన్ బిళ్ళలు తప్ప వేరే మందులేమీ వాడదు. మాత్ర మానెయ్యమని చెప్పనా? మాఘమాసంలో పెళ్ళి అనుకున్నాం.

సమాధానం: అమ్మా, అన్నీ కాఫీతో ఒకేసారి వేసేసుకుంటానని మీరు మామూలుగా రాసేశారు. మీ టీఎస్‌హెచ్ 9.4కి పెరగడానికి కారణం చాలావరకు అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

థైరాయిడ్ మాత్రలో ఉండేది లెవోథైరాక్సిన్, అంటే మన గ్రంథి తయారుచేసే టీ4నే. అసలే అది పేచీకోరు మందు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకున్నా పేగులోంచి ఒంటికి పట్టేది ముప్పాతిక వంతు. పక్కన ఐరన్ ఉంటే దాన్ని గట్టిగా పట్టుకుని వదలదు, కాల్షియం కూడా అంతే. రెండూ కలిసి మాత్రలో కొంత భాగాన్ని పేగులోంచే బయటికి పంపేస్తాయి. కాఫీ కూడా మందు పట్టడాన్ని తగ్గిస్తుంది, అందులో పాలు ఉంటే వాటి కాల్షియం వేరే. మీరు మింగుతున్నది 75 మైక్రోగ్రాములైనా లోపలికి వెళ్తున్నది ఏ యాభై సరుకో. కాఫీ ఆరేళ్ళుగా ఉన్నదే అయితే ఆ లోటు పాత మోతాదులోనే సర్దుకుపోయి ఉంటుంది. కిందటేడు 2.8 వచ్చిందంటే లెక్క కుదిరినట్టే. మధ్యలో కొత్తగా వచ్చినవి ఐరన్, కాల్షియం. నాలుగు నెలలంటే టీఎస్‌హెచ్ పైకెక్కడానికి కావలసినంత సమయం.

టీ4 పడిపోయిందన్న భయం మాత్రం పూర్తిగా వదిలెయ్యండి. మొదటి ల్యాబు చూసింది మొత్తం టీ4, రెండో ల్యాబు చూసింది ఫ్రీ టీ4. రక్తంలో ఉన్న టీ4లో దాదాపు అంతా ప్రోటీన్లకి అతుక్కుని తిరుగుతుంది. విడిగా ఉండి పనిచేసేది వెయ్యింట ఒక పాలు కూడా ఉండదు, దాన్నే ఫ్రీ టీ4 అంటారు. మొదటిదాన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు, రెండోదాన్ని అందులో వెయ్యో వంతైన నానోగ్రాముల్లో. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసేవి కావు. 6.9 దాని లెక్కలో మామూలే, 0.98 దీని లెక్కలో మామూలే. ల్యాబు కాగితం మీద ప్రతి అంకె పక్కనా దాని హద్దులు, కొలమానం అచ్చేసి ఉంటాయి. కళ్ళు ముందు అక్కడికి పోవాలి. పాత రిపోర్టుతో పోల్చాలనుకుంటే రెండిటిమీదా ఒకే పేరు, ఒకే కొలమానం ఉన్నాయా అని చూసుకోండి.

ఇక టీ4 నార్మల్‌గా ఉంటే టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందన్న మీ వదిన గారి అనుమానం. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిది కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి 'ఇంకా టీ4 తయారుచెయ్యి' అని థైరాయిడ్‌కి పంపే హార్మోను. డెల్టా వాళ్ళం కాబట్టి ఇలా చెబితే సులువు. కాలవలో నీరు రెండంగుళాలు తగ్గితే నడిమి ఊళ్ళవాళ్ళకి పట్టదు, వాళ్ళ గట్టు మీంచి చూస్తే కాలవ నిండుగానే కనిపిస్తుంది. శివారు రైతు మాత్రం ఆ పూటే లాకుల దగ్గరికి పరిగెడతాడు, ఇరిగేషన్ ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. టీ4 కాలవలో నీరు, టీఎస్‌హెచ్ ఆ ఫోన్లు. టీ4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగగలదు. అందుకే టీ4 తన హద్దుల్లో ఉంటూనే మీకు సరిపడే మట్టం కన్నా కాస్త కిందికి దిగితే, ఆ సంగతి ముందు టీఎస్‌హెచ్‌లోనే బయటపడుతుంది. 'టీ4 నార్మల్' అంటే నలుగురికీ కలిపి గీసిన గీతల మధ్య ఉందని అర్థం, మీకు సరిపోతోందని కాదు.

9.4, 7.1లలో ఏది నిజమని తగవు పెట్టుకోనక్కర్లేదు. టీఎస్‌హెచ్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది, తెల్లవారాక దిగుతూ వచ్చి మధ్యాహ్నానికి బాగా తగ్గుతుంది. మీరు ఒకటి పొద్దున్న ఏడింటికి, ఒకటి పన్నెండింటికి ఇచ్చారు. పైగా ల్యాబుకీ ల్యాబుకీ యంత్రాలు, రసాయనాలు తేడా. పెద్దవాళ్ళకి చాలా ల్యాబులు రాసే హద్దు సుమారు 0.4 నుంచి 4 లేదా 5 దాకా. రెండు రిపోర్టులూ ఆ హద్దు దాటిందనే చెబుతున్నాయి. మనకి కావలసింది అంతే.

అయితే 100 వేసుకోవాలా వద్దా? మీ డాక్టరు గారి లెక్కలో తప్పులేదు. గ్రంథి దాదాపు పనిచెయ్యని వాళ్ళకి కిలోకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్క వేస్తారు. 62 కిలోలకి అది 99 అవుతుంది. కానీ మీ ఐరన్ సంగతి ఆయనకి తెలుసా? వేరే డాక్టరమ్మ గారు రాశారన్నారు కాబట్టి తెలిసి ఉండకపోవచ్చు. నా ఆందోళన ఇక్కడుంది. ఇప్పుడు మీరు ఈ సమాధానం చదివి రేపట్నుంచి ఐరన్‌ని వేరే పూటకి మార్చేస్తే, ఇన్నాళ్ళూ అది అడ్డుకున్న మందంతా ఒంట్లోకి వెళ్ళడం మొదలవుతుంది. దానికి తోడు మోతాదు కూడా 75 నుంచి 100 అయింది. రెండూ కలిస్తే మందు ఎక్కువై రెండు నెలల్లో టీఎస్‌హెచ్ కిందికి పడిపోవచ్చు. గుండె దడ, చేతులు వణకడం, ఊరికే చెమటలు, నిద్ర పట్టకపోవడం, మాటిమాటికీ విరేచనాలు దాని గుర్తులు. టీఎస్‌హెచ్ 0.1 కన్నా తక్కువగా చాలాకాలం ఉండిపోతే గుండె లయ తప్పే ప్రమాదం, ముఖ్యంగా నెలసరి ఆగే వయసు దాటాక ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉన్నాయి.

అందుకని మాత్ర మీరే మార్చుకోకుండా ఆ డాక్టరు గారికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: "నాలుగు నెలలుగా ఐరన్, కాల్షియం దీంతోపాటే వేసుకున్నాను, ఇకనుంచి వేరుగా వేసుకుంటాను, 75లోనే ఉండి చూడనా, 100 కొనసాగించనా?" నన్నడిగితే ఇలాంటప్పుడు పాత మోతాదులోనే ఉంచి, వేసుకునే పద్ధతి సరిచేసి చూడటమే మేలంటాను. కానీ మిమ్మల్ని ఎదురుగా చూసి నాడి పట్టుకున్నది ఆయన. ఏది చెప్పినా ఆ ఒక్కటే చెయ్యండి. ఈలోగా దడగానీ గుండెల్లో నొప్పిగానీ వస్తే ఫోన్‌తో ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

మూడు రోజులాగి టెస్టు చేయించుకోవాలన్న ఆలోచన మానుకోండి. డబ్బు దండగ, దానికి తోడు బెంగ. లెవోథైరాక్సిన్ ఒంట్లోంచి సగం తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అంత నెమ్మదిగా కదిలే మందు కొత్త మట్టానికి వచ్చి నిలబడాలంటే ఐదారు వారాలు కావాలి, పిట్యూటరీ తన చప్పుడు తగ్గించుకోవడానికి ఇంకాస్త. మోతాదు మారినా, కంపెనీ మారినా, వేసుకునే పద్ధతి మారినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించినదే లెక్కలోకి వస్తుంది. ఒక్కసారి కుదురుకున్నాక ఏడాదికొకసారి చాలు.

ఇక రోజువారీ పద్ధతి. లేవగానే, పళ్ళు తోముకుని గ్లాసు మంచినీళ్ళతో ఈ ఒక్క మాత్ర. ఆ తర్వాత వాకిలి ఊడ్చి ముగ్గేసుకోండి, పాలు కాచుకోండి, కాఫీ మాత్రం ముప్పావుగంట, గంట ఆగాకే. కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత, ఐరన్ రాత్రికి. ఐరన్‌కీ కాల్షియానికీ కూడా ఒకదానితో ఒకటి పడదు, అందుకే రెండు పూటలు చేశాను. థైరాయిడ్ మాత్రకీ వీటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. తెల్లవారుజామున చేపల చెరువుకో, పనికో పరిగెత్తే వాళ్ళకి పొద్దున ఈ ఎడం కుదరకపోతే రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవచ్చు, భోజనం చేసి మూడు గంటలవ్వాలి. మన ఇళ్ళల్లో తొమ్మిదింటికి తిని తొమ్మిదిన్నరకి పడుకునే అలవాటుకి అది కుదరదు గానీ, కుదిరినవాళ్ళకి బాగా పనిచేస్తుంది. అలాగైతే ఐరన్ రాత్రి నుంచి వేరే పూటకి మార్చాలి.

మీరు రాయలేదు గానీ గ్యాస్ బిళ్ళ సంగతి అడక్కుండా ఉండలేను. గోదావరి జిల్లాల్లో పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకోని మనిషి కనిపించడం అరుదు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగా కరగదు. దీనికి పూటలు మార్చినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే వాటి పని రోజంతా ఉంటుంది. రోజూ వాడక తప్పదంటే డాక్టరు దాన్ని కూడా లెక్కలో వేసుకుని మోతాదు నిర్ణయిస్తారు. గ్యాస్ సిరప్ అయితే నాలుగు గంటల ఎడం చాలు.

మాత్రల సీసా ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. ఈ మందుకి వేడి, వెలుతురు, తేమ మూడూ పడవు, మన దగ్గర తేమకి కొదవా? పొయ్యి పైన అలమారాలోనో కిటికీ గట్టు మీదో వద్దు. దాని సీసాలోనే మూత బిగించి, చల్లగా చీకటిగా ఉండే బీరువాలో ఉంచండి. ఒకరోజు మర్చిపోతే కంగారు వద్దు. గుర్తొచ్చినప్పుడు కడుపు ఖాళీగా ఉంటే వేసుకోవచ్చు. లేదా మర్నాడు రెండూ కలిపి వేసుకోవచ్చు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం అడిగి వేసుకోవాలి. కార్తీక సోమవారం ఉపవాసమని మానేసిన ఒక్క మాత్ర టీఎస్‌హెచ్‌ని కదపదు. వారానికి రెండు మూడు జారిపోతుంటే మాత్రం కదుపుతుంది.

పరీక్ష రోజున పొద్దున్నే, ఎప్పుడూ అదే వేళకి, అదే ల్యాబుకి వెళ్ళండి. రక్తం ఇచ్చాక మాత్ర వేసుకోండి, సీసా సంచిలో పెట్టుకుని వెళ్తే సరి. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకి రక్తంలో ఫ్రీ టీ4 కొంచెం ఎగురుతుంది. మీ రెండో రిపోర్టులోని 0.98లో ఆ ఎగురు కొంత ఉండే ఉంటుంది. టీఎస్‌హెచ్ మీద ఒక్క పూట మాత్ర ప్రభావం ఉండదు. దీనికోసం పస్తు ఉండనక్కర్లేదు. జ్వరంలోగానీ, ఆస్పత్రిలో పడి లేచిన వారంలోగానీ చేయిస్తే అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. కొందరు మూడు నెలలు మాత్రని గాలికొదిలేసి, పరీక్ష వారంలో మాత్రం దీక్షగా మింగుతారు. అప్పుడు టీ4 పైన, టీఎస్‌హెచ్ కూడా పైన కనిపిస్తుంది. అనుభవం ఉన్న డాక్టరు ఆ కాగితం చూసి నవ్వుకుంటాడు.

మీరు ప్రతిసారీ టీ3 (థైరాయిడ్‌దే ఇంకో హార్మోను) కూడా చేయించనక్కర్లేదు. మాత్ర వాడేవాళ్ళకి టీఎస్‌హెచ్ ముఖ్యం, అనుమానం ఉంటే ఫ్రీ టీ4. టీ3 మన నిర్ణయాన్ని మార్చే సందర్భాలు చాలా అరుదు. థైరాయిడ్‌కి వ్యతిరేకంగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలని చూసే యాంటీ టీపీవో పరీక్ష ఒకసారి పాజిటివ్ వచ్చిందంటే దాన్ని మళ్ళీ మళ్ళీ కొలవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ప్యాకేజీలో చవగ్గా వస్తుందన్నారని చేయించుకుని, దాని అంకె చూసి నిద్ర పాడుచేసుకునే వాళ్ళని చూస్తే బాధేస్తుంది.

వదిన గారి మాటకొస్తే, పుస్తెలమ్మి పులస తినమన్నారు పెద్దలు, తినండి, కాదనను. కానీ పులసైనా బొమ్మిడాయిలైనా మాత్రకి బదులు కాలేవు. చేపల్లో అయోడిన్ ఉంటుంది, నిజమే. ఇంట్లో అయోడిన్ ఉప్పు వాడుతున్నప్పుడు అయోడిన్ లోటు వల్ల థైరాయిడ్ తగ్గడం అరుదు. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తుంది, అయోడిన్ ఎక్కువ తిన్నంతమాత్రాన అది బాగుపడదు. మోతాదు పెరిగితే జన్మంతా పెరుగుతూ పోతుందన్నది కూడా నిజం కాదు. అవసరాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. బరువు తగ్గినా, వయసు పైబడినా తగ్గించాల్సి రావచ్చు. వదిన గారి టీఎస్‌హెచ్‌తోనో, ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ టీఎస్‌హెచ్‌తోనో మీది పోల్చుకోవద్దు. ముసలివాళ్ళలో 5, 6 ఉన్నా చాలామంది డాక్టర్లు వదిలేస్తారు. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి టీఎస్‌హెచ్‌ని కావాలనే తక్కువలో ఉంచుతారు.

మీ నీరసాన్నంతా టీఎస్‌హెచ్ ఖాతాలో వెయ్యకండి. హిమోగ్లోబిన్ 9.2 ఉంటే ఎవరికైనా నీరసమే. థైరాయిడ్ తగ్గితే నెలసరి ఎక్కువై రక్తం తగ్గడం ఉంది. రక్తం తగ్గిందని ఐరన్ వేసుకుంటే, ఆ ఐరన్ థైరాయిడ్ మాత్రని అడ్డుకోవడం మీ విషయంలో జరిగింది. ఐరన్ మాత్రం మానకండి, పూట మార్చండి. 46 ఏళ్ళకి నెలసరి ఇలా ఎక్కువవుతుంటే గైనకాలజిస్టుకి చూపించి గర్భసంచి స్కానింగ్ చేయించుకోవడం వాయిదా వెయ్యకండి. ఇది నాకు థైరాయిడ్ కన్నా ముఖ్యంగా కనిపిస్తోంది.

ఇప్పుడు అమ్మాయి సంగతి. మాత్ర మానెయ్యమని చెప్పొద్దు. 50 మాత్ర మీద టీఎస్‌హెచ్ 0.06, ఫ్రీ టీ4 2.3 ఉంటే మామూలుగా ఒంట్లో ఏదో ఒక గడబిడ కనబడాలి. ఏమీ లేదంటోందంటే నా అనుమానం ముందు బయోటిన్ అనే ఆ విటమిన్ మీదికే పోతుంది. ఒంటికి రోజుకి కావలసిన బయోటిన్ పదుల మైక్రోగ్రాములు. జుట్టు బిళ్ళల్లో ఐదు వేలు, పది వేలు కూడా ఉంటాయి. చాలా ల్యాబు యంత్రాలు హార్మోన్లని కొలవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో అది పొంగిపొర్లుతుంటే యంత్రం తికమకపడి టీఎస్‌హెచ్‌ని లేనంత తక్కువగా, ఫ్రీ టీ4ని లేనంత ఎక్కువగా చూపిస్తుంది. అంటే మనిషికి ఏమీ కాదు, కాగితం మీదే థైరాయిడ్ ఎక్కువైనట్టు కనబడుతుంది. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పుగా తక్కువ చూపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. అన్ని యంత్రాలూ ఇలా మోసపోవు, కానీ ఏ ల్యాబులో ఏది ఉందో మనకి తెలియదు కదా.

బయోటిన్ ఆపి కనీసం రెండు రోజులు, నేనైతే నాలుగైదు రోజులు ఆగమంటాను, మళ్ళీ టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించమనండి. థైరాయిడ్ మాత్ర యథావిధిగా వేసుకుంటూనే ఉండాలి. దీనికి మాత్రం ఆరు వారాలు ఆగనక్కర్లేదు, సరిచేస్తున్నది ఒంటిని కాదు, పరీక్షని. అప్పుడు కూడా టీఎస్‌హెచ్ తక్కువే వస్తే మోతాదు నిజంగా ఎక్కువై ఉండవచ్చు, డాక్టరు చూసి తగ్గిస్తారు. ఈలోగా దడ, వణుకు మొదలైతే ఆగకుండా వెంటనే చూపించాలి.

పెళ్ళివారికి ఈ మాత్ర సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే చెప్పెయ్యండి. దాచి పంపితే ఆ పిల్ల అత్తారింట్లో సీసా చీరల మడతల్లో పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు వేసుకుంటూ, వారానికి సగం మర్చిపోతుంది. ఇది దాచాల్సినంత జబ్బేమీ కాదు. పిల్లల కోసం అనుకునే ముందు ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకుని, 2.5 లోపు ఉండేట్టు చూసుకోవాలి. కడుపులో బిడ్డకి మొదటి నెలల్లో థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే అందాలి కాబట్టి అప్పుడు అవసరం పెరుగుతుంది. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. సాధారణంగా వారానికి ఏడు మాత్రల చోట తొమ్మిది వేసుకోమంటారు. గర్భిణులకి ఐరన్, కాల్షియం ఎలాగూ రాస్తారు, ఆ నాలుగు గంటల ఎడం అప్పుడు ఇంకా ముఖ్యం. ఐదో నెల దాకా నాలుగు వారాలకొకసారి టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. కాన్పయ్యాక మోతాదు మామూలుగా మళ్ళీ పాతదానికే దిగుతుంది, ఆరు వారాలకి ఒకసారి చూస్తారు.